కరోనా వైరసు ముల్లును మన దేహరక్షణమును

2022వ సంవత్సరము మార్చి 16వ తేదీ మొదలుకొని మన దేశమునందు పండ్రెండు మొదలు పదునాలుగేండ్ల వయసుగల బాలబాలికలకు కోర్బెవాక్స్ అను టీకా వేయసాగిరి. నేడు పైతరగతులలో చదువుచున్న వారిలోను, ఇటీవల పాఠశాలను విడిచిపోయిన వారిలోను పెక్కుమంది ఆ సూదిని భుజమున వేయించుకొన్నవారే. ఇరువది యెనిమిది దినముల యెడముతో రెండు మారులు వేయించుకొని, ఒకటి రెండు దినములు చేయి నొప్పి యని చెప్పి, పిదప ఆ సంగతియే మఱచిపోయిరి. ఆ మందుబుడ్డిలో నేమి యుండెనని యడిగినవారు మాత్రము తక్కువ.

ఆ బుడ్డిలో బ్రదికియున్న వైరసు లేదు. చంపబడిన వైరసును లేదు. వైరసు పైభాగమున నుండు ముల్లులో నొకానొక చిన్న తునక మాత్రమే యుండెను. ఆ తునకను సయితము వైరసునుండి కోసి తీయలేదు. ఈస్టు కణములచే తయారు చేయించి శుద్ధిచేసిరి. దేశములను నిలువరించిన వ్యాధికి అంత చిన్న తునక యెట్లు విరుగుడగును? వైరసు దేహమున ఇన్ని భాగములుండగా ఆ యొక్క దానినే యేల యేరుకొనిరి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొన్నచో, వ్యాధి మనకు సోకు విధమును, దేహము దానిని ఎదిర్చు విధమును, టీకా వేసికొన్నవారికి సయితము జ్వరము వచ్చుటకు గల కారణమును ఒక్క త్రోవలోనే బోధపడును. తలిదండ్రులు పలుమారు అడుగు ప్రశ్నలును ఇవియే గనుక, ఈ వ్యాసమున ఆ త్రోవను చూపుటకు యత్నింతుము.

మొట్టమొదట వైరసు అనగా నేమో తెలిసికొందము. బ్యాక్టీరియా మొదలైన సూక్ష్మజీవులు తామే ఆహారము గొని, తామే పెరిగి, తామే రెండుగా చీలగలవు. వైరసునకు ఆ శక్తి లేదు. వేఱొక ప్రాణి కణములోనికి చొచ్చినగాని అది తన సంతతిని పెంచుకొనజాలదు. కరోనా వైరసు అడ్డుకొలత సుమారు 100 నానోమీటర్లు. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు నానోమీటరు. కావున పదివేల వైరసులను ఒకదాని ప్రక్కన నొకటి పేర్చినయెడల ఆ వరుస పొడవు ఒక్క మిల్లీమీటరగును. మన పాఠశాలలోని సూక్ష్మదర్శినితో దానిని చూడ వీలులేదు. ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కావలెను.

అట్టి సూక్ష్మదర్శినితో ఈ జాతి వైరసును మొదట చూచి చిత్రించినవారిలో ముఖ్యురాలు జూన్ ఆల్మెయిడా అను స్త్రీ. ఆమె 1930లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున బస్సు నడుపువాని కుమార్తెగా జన్మించి, పదునాఱవ యేట బడి చదువు మానుకొని, ఆసుపత్రి ప్రయోగశాలలో పనికి చేరెను. పట్టము లేకయే ఆ పనిలో నైపుణ్యము గడించి, 1960ల నడిమి కాలమున లండనులో జలుబు రోగులనుండి తీసిన వైరసును పరీక్షించినప్పుడు దాని చుట్టును ప్రభవలె నిలిచియున్న ముండ్లను స్పష్టముగా చిత్రించెను. 1968లో ఆమెయు, మఱికొందఱు శాస్త్రజ్ఞులును కలసి ఆ జాతికి కరోనా అను పేరిడిరి. లాటిను భాషయందు కరోనా యనగా కిరీటము. పేద యింటి బాలికలు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక.

వారికి కిరీటము తోచినది గాని, మన సీమవారికి పల్లేరుకాయ యింకను దగ్గఱి పోలిక. చేని గట్టున చెప్పులు లేక నడచినవారెల్లరు దాని నెఱుగుదురు. ఆ కాయ యెటు పడినను ఒక ముల్లు పైకి నిలుచును. తగిలిన పాదమును వదలదు. కరోనా వైరసు నిర్మాణమును అట్టిదే. నడుమ సుమారు ముప్పది వేల యక్షరములు గల ఆర్ఎన్ఏ అను దారము కలదు. వైరసును మరల తయారుచేయుటకు కావలసిన ఆజ్ఞలన్నియు దానియందే వ్రాయబడి యున్నవి. ఆ దారమును చుట్టి యొక మాంసకృత్తు, అనగా నేడు ప్రోటీను అని మనము పిలుచు పదార్థము, కలదు. ఆపైన పలుచని క్రొవ్వు పొర. ఆ పొరయందు మఱి మూడు విధముల మాంసకృత్తులు నాటుకొని యుండును. వానిలో వెలుపలికి పొడుచుకొని వచ్చునది ముల్లు. సబ్బుతో చేతులు కడుగుకొనుడని 2020లో ఊరూర చాటింపు వేసినది ఈ క్రొవ్వు పొర కొఱకే. జిడ్డు గిన్నెను సబ్బు విడిపించినట్లే ఈ పొరను సయితము విడదీయును. పొర విడిన వైరసు మఱి పనికిరాదు.

ఇక ముల్లును గూర్చి వివరింతము. మాంసకృత్తులన్నియు అమైనో ఆమ్లములు అను చిన్న పూసలు వరుసగా గ్రుచ్చిన గొలుసులు. ముల్లులోని గొలుసునందు 1,273 పూసలు కలవు. అట్టి గొలుసులు మూడు పెనవేసికొనినగాని యొక ముల్లు కాదు. ఒక్కొక్క వైరసుపై ఇట్టి ముండ్లు ఇంచుమించు ఇరువది మొదలు నలువది వఱకు ఉండును. ముల్లునందు రెండు భాగములు. పైభాగము అంటుకొనుటకు, క్రిందిభాగము చొచ్చుకొని పోవుటకు. పైభాగమున మన కణమును పట్టుకొనునట్టి చిన్న అంగము కలదు. దీనిని ఈ వ్యాసమున పట్టుకొన అని పిలుతము. కోర్బెవాక్స్ టీకాలోని తునక ఈ పట్టుకొనయే.

ఈ పట్టుకొన ఎల్లప్పుడు పైకి నిలిచియుండదు. తాబేలు తన తలను డిప్పలోనికి ముడుచుకొని, అవసరమైనప్పుడు వెలికి చాచునట్లు, అదియు ఒకప్పుడు వంగియు, ఒకప్పుడు నిలిచియు నుండును. వంగియున్నప్పుడు మన దేహరక్షకులకు అది కనబడదు. నిలిచినప్పుడే కణమును పట్టగలదు. ఇది చాలక, ముల్లంతటిపైనను చక్కెరజాతి పదార్థములు కొమ్మలుకొమ్మలుగా మొలచియుండి దానిని కప్పుచుండును. ఆ చక్కెరలు మన కణములు తయారుచేసినవే గనుక, రక్షకులకు అవి మన సొంత వస్తువులవలె కనబడును. ఇంత మఱుగునను పట్టుకొన మాత్రము పని చేయుటకు తప్పక వెలికి రావలసినదే. దాని బలమును, బలహీనతయును అందే యున్నవి.

ఆ కొన పట్టునది దేనిని? మన కణముల పైపొరలో ఏసీఈ-2 అను మాంసకృత్తు ఒకటి కలదు. రక్తపు పోటును పెంచు పదార్థము నొకదానిని వేఱొక రూపమునకు మార్చి, పోటును అదుపులో నుంచుట దాని పని. ముక్కు లోపలి పొర, ఊపిరితిత్తులలోని గాలి తిత్తులు, ప్రేవులు, గుండె, మూత్రపిండములు, ఇన్నిచోట్ల అది కలదు. ఇంటికి గాలి వెలుతురుల కొఱకు పెట్టుకొన్న కిటికీయందు దొంగ చేయి పెట్టినట్లు, మన మేలు కొఱకున్న ఈ యంగమును వైరసు ఆసరాగా గొనుచున్నది. 2003లో తూర్పు ఆసియా మున్నగు చోట్ల వ్యాపించిన సార్సు వ్యాధి వైరసును ఏసీఈ-2నే పట్టుకొనెనని ఆ యేడే కనుగొనిరి. అందువలననే 2020 జనవరిలో క్రొత్త వైరసు అక్షరముల వరుస వెల్లడి కాగానే శాస్త్రజ్ఞులు ఎచ్చట వెదుకవలెనో గ్రహించిరి. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే ముల్లు రూపము ప్రకటింపబడెను.

ఊపిరితో వచ్చు వైరసునకు తొలిద్వారము ముక్కు. మన నగరి కొండలలో సముద్రముమీది నావికులు గుఱుతుగా చూచుకొనిన శిఖరమునకు నగరి ముక్కు అని పేరుండుటచేత మన విద్యార్థులకు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుట సులువు. వ్యాధి సోకినవారిలో అనేకులు కాఫీ వాసనయు, పోపు వాసనయు తెలియక కలవరపడిరి గదా. వాసనను గ్రహించు నాడీకణములలో ఏసీఈ-2 అంతగా లేదు. వానికి ఆధారముగా చుట్టు నిలిచియుండు కణములలో కలదు. ఆధారకణములు దెబ్బతినగా నాడీకణముల పని ఆగిపోయెను. ఆధారకణములు మరల పుట్టునవి గనుక చాలమందికి కొన్ని వారములలో వాసన తిరిగివచ్చెను.

పట్టుకొనినంత మాత్రమున వైరసు లోపలికి పోలేదు. ముల్లు పైభాగమునకును క్రిందిభాగమునకును నడుమ ఒక కోతచోటు కలదు. ఆ చోట మన కణములలోని ఫ్యూరిన్ అను కత్తెరవంటి పదార్థము ముందుగనే గాటు పెట్టియుంచును. కొన ఏసీఈ-2ను పట్టిన పిమ్మట, మన కణము పైననే యుండు మఱియొక కత్తెర రెండవ గాటు పెట్టును. అంతట పైభాగము ఊడిపోవును. క్రిందిభాగము ఒక్కసారి నిటారుగా సాగి బల్లెమువలె కణపు పొరలో గ్రుచ్చుకొనును. మరుక్షణము నడుము వంచి రెండు పొరలను దగ్గఱకు లాగును. చారుపై తేలు రెండు నూనెచుక్కలు తాకినంతనే ఒకటైనట్లు, వైరసు క్రొవ్వు పొరయు, కణపు పొరయు కలిసిపోవును. ఆ రంధ్రమున ఆర్ఎన్ఏ దారము లోనికి జాఱును.

అటుపిమ్మట జరుగునది మన నగరి మరమగ్గముల పని తెలిసినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. రాత్రివేళ ఎవడో వచ్చి మగ్గమునకు అమర్చిన నమూనా అట్టలను తీసి తన అట్టలు పెట్టిపోయినాడనుకొనుడు. మగ్గము మనది, నూలు మనది, కరెంటు మనది; తెల్లవాఱుసరికి దిగు గుడ్డ మాత్రము వాడు కోరినది. కణమును అట్లే తన సామగ్రితో వైరసు భాగములను నేయసాగును. అవి ఒకచోట చేరి క్రొత్త వైరసులై వెలుపలికి వచ్చి ప్రక్క కణములను పట్టును.

దేహము ఊరకుండునా? దాని రక్షణము రెండు అంచెలుగా నడచును. మొదటి అంచె పుట్టుకతో వచ్చినది. వచ్చినవాడెవడో తెలియకున్నను కొత్తవాడని మాత్రము గ్రహించును. వైరసు చొచ్చిన కణము ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును విడిచి ఇరుగుపొరుగు కణములకు దండోరా వేయును. అవి తలుపులు బిగించుకొనును. కొన్ని పదార్థములు మెదడునకు చేరి జ్వరము పుట్టించును. ఒళ్లునొప్పులును, నీరసమును చాలవఱకు ఈ పోరాటమునందలి భాగములే. అయితే ఈ వైరసునకు ఆ దండోరాను కొంతకాలము అణచునట్టి నేర్పు కలదు. అందువలన కొందఱిలో రక్షకులు మేలుకొనునప్పటికే అది ఊపిరితిత్తులకు దిగును.

రెండవ అంచె నేర్చుకొనునది. దానికి కొన్ని దినములు పట్టును. బి-కణములు అను తెల్లకణములు ప్రతిరక్షకములను తయారుచేయును. ప్రతిరక్షకము ఆకారమున పిల్లలు పిట్టలను కొట్టు పంగలకఱ్ఱవలె నుండును. ఆ పంగ రెండు కొనలును ఒకానొక ఆకారమునకు మాత్రమే సరిపడునట్లు అమరియుండును. మన దేహమున ఆ కొనల ఆకారములు లెక్కలేనన్ని విధములు. వానిలో వైరసు ముల్లునకు సరిపడినది తటస్థించినప్పుడు, దానిని చేయు బి-కణము వేలకొలది కణములుగా పెరుగును. వైరసు పట్టుకొనపైననే పోయి కూర్చుండు ప్రతిరక్షకములు మిక్కిలి విలువగలవి. దొంగ చేతికి సంచి తొడిగినయెడల వాడు గడియను తీయలేడు గదా! అట్లే అవి కూర్చున్న ముల్లు ఏసీఈ-2ను పట్టలేదు.

కణములోనికి చొరబడిన వైరసును ప్రతిరక్షకములు అందుకొనజాలవు. అచ్చట టి-కణములు కావలెను. మన ప్రతి కణమును తనలో తయారగుచున్న మాంసకృత్తుల చిన్న తునకలను ఎప్పటికప్పుడు తన పైపొరపై చూపుచుండును. అందు పరాయి తునక కనబడినచో టి-కణములలో ఒక తెగ ఆ కణమునే నాశము చేయును. మఱియొక తెగ బి-కణములకు తోడ్పడును. ఈ టి-కణములు పట్టుకొనను మాత్రమే చూడవు. ముల్లునందలి అనేక స్థలముల తునకలను, వైరసు లోపలి మాంసకృత్తుల తునకలను సయితము గుర్తించును. ఈ సంగతి ముందు మనకు పనికివచ్చును.

పోరాటము ముగిసిన తరువాత రక్షకులలో అధికభాగము చచ్చును. కొన్ని మాత్రము ఏండ్ల తరబడి జ్ఞాపకము గలవై మిగులును. అదే శత్రువు మరల వచ్చినప్పుడు అవి దినములకు బదులు త్వరితముగా పనికి దిగును. మన తాతల చేతులపై గుండ్రని మచ్చగా కనబడు మశూచి టీకా పనిచేసినది ఈ జ్ఞాపకశక్తివలననే. 1980లో ప్రపంచమున మశూచి లేదని ప్రకటింపగలిగిరి.

అన్ని దేహములలోను పోరాటము వేళకు ముగియదు. 2021 ఏప్రిలు, మే నెలలలో మన సీమవారు ఆసుపత్రి మంచము కొఱకును, ప్రాణవాయువు కొఱకును పరుగులెత్తిన దినములు ఎవరును మఱువలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లెక్కకెక్కిన కరోనా మరణములే 14,700కు పైబడినవి. ఈ పుటలు చదువువారిలో తండ్రినో, అవ్వనో పోగొట్టుకొన్నవారు ఉందురు. వారి యింట జరిగినది ఎవరి పాపమును కాదు, ఎవరి దేహబలము తక్కువయని నిందింపదగినదియు కాదు. పలువురిలో రెండవ వారమున వైరసు తగ్గుముఖము పట్టినను రక్షకులు శాంతింపక, వాపు మితిమీఱి, గాలి తిత్తులలో నీరు చేరెను. అట్టి సమయమున డెక్సామెథసోన్ అను చౌకయైన పాతమందు ప్రాణములు నిలుపునని 2020 జూన్‌లో ఇంగ్లండునందలి పరీక్షలలో తేలెను. ప్రాణవాయువు అవసరము లేనివారికి ఆ మందువలన మేలు కనబడలేదని ఆ పరీక్షలే చెప్పినవి. ఏలయన, అది రక్షకులను అణచు మందు. పోరాటపు మొదటి దినములలో వారిని అణచుట తగదు. వైద్యుని అడుగక అట్టి మందులను మింగిన కొందఱికి, ముఖ్యముగా మధుమేహము గలవారికి, నల్ల ఫంగసు వ్యాధి తోడైనది.

ఇప్పుడు టీకాల సంగతికి వత్తము. వ్యాధి పడకయే ఆ జ్ఞాపకమును దేహమునకు నేర్పుట టీకా పని. దానికి మన దేశమున మూడు మార్గములు ముఖ్యముగా వాడుకలోనికి వచ్చినవి. మొదటిది వైరసును పూర్తిగా చంపి, దాని కళేబరమును చూపుట. 2021 జనవరి 3వ తేదీన అత్యవసర వినియోగమునకు అనుమతి పొందిన కోవాగ్జిన్ ఇట్టిది. దానిని చేసిన భారత్ బయోటెక్ సంస్థను 1996లో హైదరాబాదున స్థాపించిన డాక్టర్ కృష్ణ ఎల్ల మన నగరికి దక్షిణముననున్న తిరుత్తణి ప్రాంతపు రైతు కుటుంబమున జన్మించినవారు. ఆ తిరుత్తణి 1960 వఱకు చిత్తూరు జిల్లాలోనిదే. వైరసును వేఱుచేసి యిచ్చినది పూణెలోని జాతీయ సంస్థ. 25,798 మందిపై జరిపిన పరీక్షలో ఆ టీకా లక్షణములతో కూడిన వ్యాధిని నూటికి 77.8 వంతులు ఆపెనని 2021 నవంబరులో ప్రకటించిరి.

రెండవది ముల్లును గూర్చిన ఆజ్ఞను మాత్రము మన కణములకు అందించి, ముల్లును వానిచేతనే చేయించుట. మన పెద్దలలో అనేకులు వేసికొన్న కోవిషీల్డ్ ఇట్టిది. చింపాంజీలకు జలుబు కలిగించు వేఱొక వైరసును వృద్ధిపొందకుండునట్లు మార్చి, దానిద్వారా ఆ యాజ్ఞను పంపుదురు. మూడవది పట్టుకొనను విడిగా చేసి సూటిగా చూపుట. హ్యూస్టన్ నగరమున పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొట్టాజ్జి అను శాస్త్రజ్ఞులు సార్సు వైరసు కొఱకు పూర్వమే మొదలిడిన కృషిని ఆధారము చేసికొని రూపొందించి, పేటెంటు హక్కు కోరక యిచ్చిన ఈ పద్ధతిని హైదరాబాదులోని బయోలాజికల్ ఇ సంస్థ చేపట్టి, కోర్బెవాక్స్ చేసెను. ఒంటరి తునకను చూచి దేహము లెక్కచేయకపోవచ్చును గనుక, దానితోపాటు అల్యూమినియం లవణమును, బ్యాక్టీరియా డీఎన్ఏను పోలిన మఱియొక పదార్థమును కలిపిరి. అవి రక్షకులను ఆ చోటికి పిలుచును. భుజము నొప్పియు, వెచ్చదనమును వారి రాకకు గుఱుతులు. నొప్పి లేనివారికి టీకా పనిచేయలేదని మాత్రము తలపరాదు.

ఇంతకు చెప్పినదంతయు ఆకారముపై ఆధారపడినది. ఆకారము మాఱినయెడల? ఇదియే కడపటి చిక్కు. పూర్వము తాటియాకులపై గ్రంథములకు ప్రతులు వ్రాయువారు అక్కడక్కడ ఒక యక్షరమును తప్పుటయు, ఆ తప్పు తరువాతి ప్రతులన్నిటికి ప్రాకుటయు కలదు. ముప్పది వేల యక్షరముల వైరసు ప్రతులు కోట్లకొలది వ్రాయబడునప్పుడు తప్పులు దొరలుట సహజము. కరోనా వైరసునకు తప్పులు దిద్దు ఏర్పాటు కొంత కలదు; అయినను కొన్ని మిగులును. పెక్కు తప్పులు వైరసునకే చేటు. ఎన్నడో యొకటి ముల్లునందు పడి, పట్టును బిగించుటయో, ప్రతిరక్షకములను ఏమఱించుటయో జరుగును.

దీనికి మన రాష్ట్రమే యొక నిదర్శనము. ముల్లు గొలుసునందు 440వ పూస ఆస్పరజీన్. అది పట్టుకొనలోనిదే. ఆ పూసకు బదులుగా లైసీన్ చేరిన వైరసులు 2020లో ఆంధ్రదేశమునందు హెచ్చుగా కనబడెను. శాస్త్రజ్ఞులు ఈ మార్పును ఎన్440కే అని పిలిచిరి. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు ప్రయోగశాలలో కణములపై పెంచి చూడగా ఆ వైరసు హెచ్చుగా వృద్ధియగునట్లు తోచెను. 2021 మే నెలలో ఈ వార్త పత్రికలకును, చేతి ఫోనులకును ఎక్కి, ‘ఏపీ స్ట్రెయిన్’ అను పేరుతో దేశమంతట భయము పుట్టించెను. ఢిల్లీ ప్రభుత్వము ఆంధ్ర, తెలంగాణములనుండి వచ్చువారిని పదునాలుగు దినములు వేఱుగా నుంచవలెనని ఉత్తరువు చేసెను. మన రాష్ట్రపు పేరే యొక రోగపు పేరైనది. అప్పటికే ఆ రకము తగ్గిపోవుచున్నదని సీసీఎంబీ శాస్త్రజ్ఞులే చెప్పిరి. గాజుపాత్రలో త్వరగా పెరిగినది ఊరిలో నిలువలేకపోయెను. ఆ వేసవిలో దేశమును నిజముగా పీడించినది డెల్టా రకము. దానికి పట్టుకొనలో వేఱు మార్పులును, మేము పైన చెప్పిన ఫ్యూరిన్ కోతచోటి యొద్ద కోతను సులువుచేయు మార్పును ఉండెను.

ఆ యేడు నవంబరులో బయటపడిన ఒమిక్రాన్ రకము ముల్లునందు ముప్పదికి పైగా మార్పులతో వచ్చెను. వానిలో ఆ 440వ పూస మార్పును ఒకటి! ఒంటరిగా నిలువలేనిది ఇతర మార్పుల తోడుతో ప్రపంచమంతట వ్యాపించెను. ఆ మార్పును గూర్చి మన శాస్త్రజ్ఞులు ముందుగా సేకరించిన జ్ఞానము వ్యర్థము కాలేదు. దానికి రాష్ట్రపు పేరు తగిలించి బెదరించుటయే వ్యర్థమైనది.

టీకా వేసికొన్నవారికి ఒమిక్రాన్ వచ్చుటకు కారణము ఇప్పుడు స్పష్టము. పాత ఆకారమునకు సరిపడిన ప్రతిరక్షకములలో అనేకములు క్రొత్త కొనపై కూర్చుండలేదు. కొన్ని నెలలు గడచిన పిదప రక్తమున వాని సంఖ్యయు తగ్గును. చేతికి వేసిన టీకా రక్తమును కాపాడినంతగా ముక్కు పొరను కాపాడదు. కావున ద్వారమున వైరసు ప్రవేశించెను. అయితే టి-కణములు గుర్తించు తునకలు అనేకములు గనుక, వానిలో పెక్కింటికి మార్పు తగులలేదు. జ్ఞాపకమున్న బి-కణములును మేలుకొనెను. అందుచేత టీకా పొందినవారిలో చాలమంది జలుబు, జ్వరములతో బయటపడిరి. టీకా దేహమునకు పాఠము చెప్పును; వైరసు ముక్కునకు రాకుండ గోడ కట్టదు. ఈ భేదమును పెద్దలకు తెలియజెప్పకపోవుటచేతనే, జ్వరము వచ్చినదాని వలన టీకా మోసమని కొందఱు తలపవలసివచ్చెను.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించెను. వైరసు మాత్రము లోకమును విడువలేదు, మాఱుచునే యున్నది. క్రొత్త రకము పేరు వార్తలలో వినబడినప్పుడు మా విద్యార్థులు భయపడుటకు ముందు, నవ్వి త్రోసివేయుటకు ముందు, ఈ ప్రశ్నలు వేసికొనవలెనని కోరెదము. మార్పు ముల్లులో నెచ్చట కలిగినది? పట్టుకొనలోనా, కోతచోటనా, వేఱొక చోటనా? పరీక్ష గాజుపాత్రలో జరిగినదా, మనుష్యులలో కనబడినదా? వ్యాధి సోకినవారు మాత్రమే పెరిగిరా, ఆసుపత్రిలో చేరినవారును పెరిగిరా? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పని వార్తను ఇంకొకరికి పంపనక్కఱలేదు. ఇంట చదువురాని అవ్వతాతలున్నచో, వారికి ఈ సంగతులను పల్లేరుకాయ పోలికతో వివరించి చెప్పుడు. వారు మనకంటె త్వరగా గ్రహింతురు.